డీవీఆర్ బాక్స్ టక్ టక్ మంటోంది, పాప రికార్డింగ్ బయటికి తీసే దారేదైనా ఉందా?

నైట్‌డ్యూటీ:

అందరికీ నమస్తే. ఇది సగం ప్రశ్న, సగం ఏడుపు. ఓపికుంటేనే చదవండి.

నాది ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ. ఇంట్లో వాళ్లంతా టీవీ ముందు చేరే టైముకి నేను బ్యాగు సర్దుకుంటూ ఉంటాను. అందుకే ఆరేళ్ల కిందట మా డిష్ సర్వీసు వాళ్ల దగ్గరే డీవీఆర్, అంటే టీవీ రికార్డింగ్ బాక్స్ తీసుకున్నాం. లోపల 500 జీబీ డిస్క్. ఇక ఏదీ మిస్సవనని సంబరపడ్డాను.

ఆరేళ్లలో నేను చూసినవాటిలో చివర ఉన్నవి తక్కువ. మ్యాచ్ ఆఖరి ఓవర్ ఉండదు. డిటెక్టివ్ సీరియల్‌లో ఆయన అందర్నీ గదిలో కూర్చోబెట్టి, కళ్లజోడు తీసి, తుడిచి, "హంతకుడు ఎవరంటే" అంటాడు. అంతే, నీలం తెర. "రికార్డింగ్ ముగిసింది. తొలగించాలా?" తొలగించక ఏం చేసుకుంటాను?

సీరీస్ రికార్డింగ్ పెడితే ఇంకో తమాషా. ఒకే ఎపిసోడ్ పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి మూడుసార్లు ఎక్కుతుంది. కొత్త ఎపిసోడ్ రోజున మాత్రం "ట్యూనర్ ఖాళీ లేదు" అంటుంది (ట్యూనర్ అంటే చానల్‌ని పట్టే భాగం). ఖాళీ ఎందుకు లేదయ్యా అంటే, పాత ఎపిసోడ్‌ని నాలుగోసారి ఎక్కిస్తోంది కాబట్టి.

రిమోట్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కింది బాణం నొక్కుతాను. ఏమీ కదలదు. మళ్లీ నొక్కుతాను. కదలదు. మూడోసారి గట్టిగా నొక్కేసరికి మూడు నొక్కులూ ఒక్కసారే చేరి జాబితా మూడు మెట్లు దిగుతుంది. ఈలోపు నా వేలు ఓకే మీద పడిపోయి ఉంటుంది. అలా మా అత్తగారి పాత కచేరీ ఒకటి పోయింది. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక అసలు విషయం. నాలుగు రోజులుగా బాక్స్ ఆన్ చేయగానే లోపల టక్, టక్, టక్, తర్వాత సన్నగా కీచుమని ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ మొదలు. తెర మీద "హార్డ్ డిస్క్ సిద్ధమవుతోంది" అని గంటసేపు. ఐదుసార్లలో ఒకసారి మాత్రం మామూలుగా తెరుచుకుంటుంది. కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. గురువారం టెక్నీషియన్ వచ్చి బాక్స్ మార్చేస్తాడట. మరి నా రికార్డింగ్‌లు? "అవి రావు మేడమ్."

మిగతావి పోతే పోనీ. ఒక్కటి కావాలి. నాలుగేళ్ల కిందట మా పాప ఒక చానల్‌లో పిల్లల క్విజ్‌లో ఆడింది. ఆ రోజు కూడా నేను డ్యూటీలోనే. దాన్ని నేను చూసిందంతా ఈ రికార్డింగ్‌లోనే. ఆ కార్యక్రమం ఆపేశారు, నెట్‌లో ఎక్కడా లేదు. 24 నిమిషాలుంది. అందులోనూ చివర స్కోర్లు చదవబోతుండగా కట్. (గెలిచింది లెండి. కానీ గెలిచినప్పటి మొహం మా దగ్గర లేదు.)

డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెడితే వస్తుందా? మా తమ్ముడు స్క్రూడ్రైవర్ పట్టుకుని తయారుగా ఉన్నాడు. ఇవాళ ఆదివారం. నాకు నాలుగు రోజులుంది.

పాతరిమోట్:

మీ తమ్ముణ్ని స్క్రూడ్రైవర్ కింద పెట్టమనండి. రెండేళ్ల కిందట నేనా పని చేసి ఉన్నాను.

నా బాక్స్‌లో డిస్క్ బాగానే ఉంది, బోర్డు పోయింది. డిస్క్ తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే మొదట వచ్చిన మాట "ఫార్మాట్ చేయమంటారా?" ఒళ్లు జల్లుమంది. లినక్స్‌లో పెడితే ఫైళ్లు కనిపించాయి, ఒక్కొక్కటి మూడేసి, నాలుగేసి జీబీలు. సంబరంగా ప్లేయర్‌లో వేస్తే ఏమీ లేదు. బొమ్మ చెడిపోయి రావడం కూడా కాదు, అసలు అది వీడియోనే కాదన్నట్టు.

కారణం తర్వాత తెలిసింది. ఉపగ్రహం నుంచి వచ్చిన డిజిటల్ ప్రవాహాన్ని బాక్స్ దాదాపు ఉన్నదున్నట్టే డిస్క్ మీదికి దించుతుంది. దించేటప్పుడు తన తాళం వేస్తుంది. తాళంచెవి ఆ బాక్స్ చిప్‌లోనో, దానికి జతపడ్డ కార్డులోనో ఉంటుంది. అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో బాక్స్‌లో పెట్టినా తెరుచుకోదు. రికార్డ్ చేసింది మనమే, కరెంటు బిల్లు మనదే, తాళంచెవి మాత్రం వాళ్లది.

కాబట్టి బొమ్మ బయటికి రావాలంటే ఆ బాక్సే ప్లే చేయాలి. అది ప్లే చేస్తుండగా పట్టుకోవాలి. వేరే దారి నాకు దొరకలేదు.

అన్నీఫోన్‌లోనే:

ఈ రోజుల్లో డీవీఆర్ ఏంటండీ? అన్నీ యాప్‌లో ఉంటాయి కదా. బాక్స్ తిరిగిచ్చేసి హాయిగా ఉండండి.

నైట్‌డ్యూటీ:

అన్నీ ఉంటే ఈ పోస్టు ఎందుకు పెడతానండీ? యాప్‌లో నేను సగం చూసిన సీరీస్ మొన్న మాయమైంది, "హక్కులు ముగిశాయి" అని. నా డిస్క్‌లో ఉన్నదైతే డిస్క్ చచ్చేదాకా ఉంటుంది. ఇప్పుడు చస్తోందనుకోండి, అది వేరే సంగతి.

పాతరిమోట్ గారూ, స్క్రూడ్రైవర్ లాక్కుని దాచేశాను.

డిష్‌మామ:

అమ్మా, నేను పదకొండేళ్లు ఈ బాక్సులే బిగించాను, ఇప్పుడు మానేశాను. నిదానంగా చదువు.

టక్ టక్ వినగానే అందరూ డిస్క్ పోయిందంటారు. నిజంగా పోయి ఉండొచ్చు. కానీ నేను మార్చిన "డిస్క్ పోయిన" బాక్సుల్లో చాలావాటికి పోయింది అడాప్టర్. డిస్క్ మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆరేళ్లు పగలూ రాత్రీ వేడిలో ఉన్న అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఆ క్షణానికి వోల్టేజి పడిపోతుంది. మోటారు లేవబోయి కూలబడుతుంది. టక్. మళ్లీ లేస్తుంది. టక్. ఐదుసార్లలో ఒకసారి లేస్తోందన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

అడాప్టర్ మీద లేబుల్ చూడు. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉంటుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, ఎక్కువున్నా ఫర్లేదు. పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అని చిన్న బొమ్మ ఉంటుంది, అదీ కలవాలి. ఇంట్లో ఉంది కదా అని రౌటర్‌ది పెట్టకు. వోల్టులు కలిసినా దానికంత బలం ఉండకపోవచ్చు. పాతది విప్పి లోపల చూద్దామని అసలే అనుకోకు, ప్లగ్గు తీసినా లోపల కాసేపు షాక్ ఉంటుంది.

వేరే అడాప్టర్ దొరికేదాకా బాక్స్‌ని ఆన్ చేయడం, ఆఫ్ చేయడం ఆపు. నిజంగా డిస్కే జబ్బు పడి ఉంటే ఒక్కో ఆన్‌కీ దాని ఆయుష్షు తగ్గుతుంది. "డిస్క్‌లో లోపం ఉంది, సరిచేయమంటారా" అని అడిగితే వద్దను. ఆ సరిచేయడమంటే చాలా బాక్సుల్లో చెరిపేయడమే.

ఒకసారి తెరుచుకుందా, ముందు పాప రికార్డింగే. బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ అవుట్ ఉంటే అదే నీ దారి. హెచ్‌డీఎంఐలో కాపీ చేయనివ్వని తాళం ఉంటుంది, క్యాప్చర్ పరికరానికి నల్ల తెరే వస్తుంది. ఏవీలో బొమ్మ అంత పదును రాదు, కానీ మామూలు చానల్ రికార్డింగ్ చాలావరకు వస్తుంది. ఏవీ నుంచి యూఎస్‌బీకి మార్చే క్యాప్చర్ ముక్క ఒకటి సంపాదించు. 24 నిమిషాల ప్రోగ్రామ్‌కి 24 నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు.

ఇంకో మాట. నువ్వు లైవ్ టీవీ చూస్తున్నంతసేపూ, చాలా బాక్సుల్లో స్టాండ్‌బైలో కూడా, వెనక్కి తిప్పి చూడటానికని బాక్స్ ఆ చానల్‌ని డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. ఎర్ర దీపం వెలిగితే నిద్రపోయిందనుకుంటాం, చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంటుంది. అందుకే ప్లే చేసేటప్పుడు డిష్ వైరు పీకెయ్. రాయడానికి ఏమీ ఉండదు, డిస్క్ ఒక్క చదివే పనే చేస్తుంది. కార్డు మాత్రం తీయకు.

గైడ్‌పిచ్చి:

నేను చివర కట్ అయ్యే గొడవ గురించి. నాకిది పాత పగ.

బాక్స్ రికార్డింగ్ ఆపేది ప్రోగ్రామ్ అయిపోయిందని కాదు, గైడ్‌లో, అంటే తెర మీది కార్యక్రమాల పట్టికలో రాసిన టైము అయిపోయిందని. మ్యాచ్ పావుగంట ఆలస్యమైతే గైడ్‌కి తెలియదు, బాక్స్‌కీ తెలియదు. అలాగని దీనికి మందు లేదనుకోకండి. డీవీబీ అనే డిజిటల్ టీవీ పద్ధతి ప్రసారాల్లో "ఇప్పుడు నడుస్తున్నది, తర్వాతది" అని చానలే పంపగల చిన్న పట్టిక ఒకటుంది. చానల్ దాన్ని సరిగ్గా మారుస్తూ ఉంటే, బాక్స్ దాన్ని చూసి ఆగితే, హంతకుడి పేరు మీకు తెలిసేది. ఒకరు మార్చరు, ఒకరు చూడరు.

నన్ను మండించేది ఏంటంటే, జర్మనీలో 1985లోనే వీపీఎస్ అని పెట్టారు. చానల్ బొమ్మతో పాటు కనిపించని గీతలో ప్రోగ్రామ్ గుర్తు పంపేది, టేపు వీసీఆర్ ఆ గుర్తు వచ్చాక మొదలుపెట్టి, పోయాక ఆగేది. ప్రోగ్రామ్ ఆలస్యమైతే టేపూ ఆగి చూసేది. టేపుకి తెలిసింది, 500 జీబీ డిస్క్‌కి తెలియదు!

సెట్టింగుల్లో "ముందు, వెనక అదనపు సమయం" అని ఎక్కడో మూల ఉంటుంది, వెతకండి. చాలా బాక్సుల్లో మొదట సున్నా ఉంటుంది.

పాతరిమోట్:

పనిలో పని, మా బాక్స్‌లో ప్రకటనలు దాటించే 30 సెకన్ల బటన్ ఉండేది. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది, పొద్దున్నుంచి అది 10 సెకన్లే దాటుతోంది. మెనూలో మాత్రం కొత్తగా ఒక ప్రకటన పలక వచ్చింది. దీనికి కారణం ఎవరికైనా తెలుసా?

గైడ్‌పిచ్చి:

మీ బాక్స్ సంగతి మీ సర్వీసు వాళ్లే చెప్పాలి. కానీ ఆ బటన్‌కి చరిత్ర ఉంది. 1999లో అమెరికాలో టివో, రీప్లే టీవీ అని రెండు రికార్డింగ్ బాక్సులు వచ్చాయి. రీప్లే టీవీ ప్రకటనల్ని తనంతట తానే దాటించడం మొదలుపెట్టింది. 2001లో టీవీ, సినిమా కంపెనీలు కలిసి కోర్టుకెక్కాయి. దాన్ని అమ్మే సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. టివో వాళ్లు తెలివిగా 30 సెకన్ల దూకుడు రిమోట్‌లో ఒక రహస్య వరుస నొక్కితేనే వచ్చేలా దాచారు. సెలెక్ట్, ప్లే, సెలెక్ట్, 3, 0, సెలెక్ట్. దేవుడి గదిలో గంట కొట్టినట్టు టింగుమని మోగేది.

బాక్స్ ఇచ్చేవాళ్లే చానళ్లతో బేరాలు కుదుర్చుకునేవాళ్లు. వాళ్ల చేతిలో దాటించే బటన్ ఎంతకాలం బతుకుతుంది చెప్పండి.

నైట్‌డ్యూటీ:

మంగళవారం రాత్రి, డ్యూటీలో టీ విరామంలో రాస్తున్నా.

డిష్‌మామ గారూ, మీకు దండం. బాక్స్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. అటక మీద చచ్చిపోయిన పాత మానిటర్‌ది దొరికింది, 12 వోల్టులు, 4 ఆంపియర్లు. పిన్ను లోపల ప్లస్ రెండింటికీ. గుచ్చి, ఒక చేత్తో చెవి మూసుకుని, ఒక చేత్తో స్విచ్ వేశాను. టక్ లేదు. ఫ్యాన్ తిరిగే చిన్న చప్పుడు, జాబితా వచ్చేసింది. మా తమ్ముడు కొంచెం నిరాశ పడ్డాడు.

క్యాప్చర్ ముక్క మా ల్యాబ్‌లో ఒకాయన దగ్గర ఉంది, పెళ్లి క్యాసెట్లు ఎక్కించుకోవడానికి కొన్నారట. మొదటిసారి మీరు చెప్పినట్టే డిష్ వైరు పీకి ప్లే చేశాను. 24 నిమిషాలూ మా పాప ముక్కు మీద "సిగ్నల్ లేదు, కేబుల్ సరిచూడండి" అని పెట్టె. పోదు. వెనక్కి నొక్కితే ఒక్క క్షణం పోయి మళ్లీ వస్తుంది. డిస్క్ బాగానే తిరుగుతోంది కదా అని వైరు మళ్లీ తగిలించి రెండోసారి మొదలుపెట్టాను. ఈసారి పెట్టె లేదు కానీ బొమ్మ సన్నగా సాగింది, పిల్లలందరూ తాటిచెట్లలా. బాక్స్‌లో తెర కొలత మార్చి మూడోసారి. ఆ 24 నిమిషాలు నాకిప్పుడు కంఠస్థం. పన్నెండో ప్రశ్నకి పాప జవాబు తెలిసి కూడా బజర్ నొక్కకుండా పక్కపిల్ల వైపు చూస్తుంది. నాలుగేళ్లలో నేనది గమనించలేదు.

రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాను, ఒకటి మా అమ్మ దగ్గర.

ఇంకో ప్రశ్న. గురువారం వచ్చే అతన్ని బాక్స్ వద్దు, అడాప్టర్ చాలు అనొచ్చా? ఇంకా 140 రికార్డింగ్‌లు ఉన్నాయి.

డిష్‌మామ:

అడుగు తల్లీ, అడగడంలో తప్పులేదు. కానీ కంప్లైంట్‌లో "డిస్క్ లోపం, బాక్స్ మార్పిడి" అని పడిపోయి ఉంటే అతని చేతిలో ఉండేది బాక్సే. అడాప్టర్ ఒక్కటి వేరుగా ఇచ్చి రావడానికి మాకైతే ఎప్పుడూ దారి ఉండేది కాదు.

అతను వచ్చినప్పుడు బాక్స్ వెనక డిష్ నుంచి ఎన్ని వైర్లు వచ్చాయో చూడు. రెండు ట్యూనర్ల బాక్స్‌కి రెండు వైర్లు కావాలి. ఎందుకంటే డిష్ మీద సిగ్నల్ పట్టే ముక్కకి, అదే ఎల్‌ఎన్‌బీకి, బాక్స్ 13 వోల్టులు పంపితే ఒక రకం చానళ్లు వస్తాయి, 18 పంపితే ఇంకో రకం. ఒకే వైరులో రెండూ ఒకేసారి పంపలేం. ఒక్క వైరే ఉంటే ఒకటి రికార్డ్ అవుతుండగా సగం చానళ్లు రావు. "ట్యూనర్ ఖాళీ లేదు" అన్న నీ గొడవలో కొంత ఇదే అయ్యుండొచ్చు. ఒకే వైరుతో నడిచే కొత్త రకం ఎల్‌ఎన్‌బీలూ ఉన్నాయి, నీ డిష్ పాతది కాబట్టి అది కాకపోవచ్చు. బిగించేరోజు రెండో వైరు లాగడానికి బద్ధకించే కుర్రాళ్లు నాకు తెలుసు. నేనూ ఒకటి రెండుసార్లు బద్ధకించాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

నైట్‌డ్యూటీ:

శుక్రవారం. జరిగింది చెప్పి ముగిస్తాను.

కుర్రాడు మంచివాడు. మానిటర్ అడాప్టర్‌తో బాక్స్ శుభ్రంగా నడుస్తుంటే చూసి నవ్వాడు. "నడుస్తోంది మేడమ్, కానీ నా యాప్‌లో పాత బాక్స్ నంబరు కొట్టి కొత్త బాక్స్ నంబరు కొడితే తప్ప కంప్లైంట్ మూతపడదు" అన్నాడు. నాకు డ్యూటీకి టైమవుతోంది, వాదించే ఓపిక లేదు. 140 రికార్డింగ్‌లూ అతని సంచిలో వెళ్లిపోయాయి. అందులో అత్తగారి మిగతా కచేరీలు కూడా ఉన్నాయి. ఇప్పుడు అన్నీ బాక్స్‌తోనే పోయాయని చెప్పొచ్చు, ఆ మొదటిదానితో సహా.

వెనక చూశాం. ఒక్కటే వైరు. ఆరేళ్లూ ఒక్కటే! రెండోది లాగమంటే దానికి వేరే కంప్లైంట్ పెట్టాలట. పెట్టాను. వచ్చే బుధవారం.

కొత్త బాక్స్‌లో గైడ్‌పిచ్చి గారు చెప్పిన "అదనపు సమయం" నాలుగు మెనూల లోపల దొరికింది, సున్నా మీద ఉంది. వెనక 15 నిమిషాలు పెట్టాను. పెట్టి, రాత్రికి డిటెక్టివ్ సీరియల్, ఆ వెంటనే ఇంకో చానల్‌లో మ్యాచ్, రెండూ రికార్డింగ్‌కి పెట్టి డ్యూటీకి బయల్దేరుతుంటే తెర మీద ఇది వచ్చింది:

"ఎంచుకున్న రెండు రికార్డింగ్‌ల మధ్య 15 నిమిషాలు కలుస్తున్నాయి. ఒకదాన్ని తొలగించండి."